ఫోటో చూసి నేర్చిన బుట్ట

తెలంగాణలోని పుట్టపాకలో మాది చిటికి కట్టే ఇల్లు, అంటే నేతకు ముందే నూలును ముడులు కట్టి రంగులద్దే పని. తేలియా రుమాలు అనే మా చిటికి గుడ్డకు వాడే నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో నానబెట్టే వాసనలోనే పెరిగాను. అందుకే అమెరికా ఆదివాసులైన చెరోకీల బుట్టల గురించి చదువుతూ ముందు అద్దకం దగ్గర ఆగాను. గోధుమరంగు వాల్‌నట్ చెట్టు వేళ్ల నుంచి, నారింజ ఎరుపు బ్లడ్‌రూట్ అనే మొక్క నుంచి తీస్తారట.

అసలు పనితనం రెండు పొరల బుట్టది. ఏటి ఒడ్డున పెరిగే సన్న వెదురును చీల్చి, కత్తితో పలచగా గీస్తారు. అడుగు నుంచి లోపలి గోడ అల్లుతూ పైకొచ్చి, అంచు దగ్గర అవే బద్దలను వంచి బయటి గోడగా కిందికి దింపుతారు. నార్త్ కరోలినాలో ఈ విద్య దాదాపు పోయే దశలో లాటీ స్టాంపర్ అనే చెరోకీ బుట్టలల్లే ఆవిడ బ్రిటిష్ మ్యూజియంలోని పాత బుట్ట ఫోటో చూసి పట్టుకుంది, తర్వాత పదిమందికి నేర్పింది. ఫోటో చూసి! మా దగ్గర పక్కన కూర్చోబెట్టి చూపించినా ఆసు లెక్క, అంటే చిటికి కట్టే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే లెక్క, ఒక పట్టాన అందదు.

చెరోకీల భాషదీ అంతే పట్టుదల. సెకోయా అనే చెరోకీ 1821 నాటికి తయారుచేసిన లిపిలో ఇప్పుడు 85 అక్షరాలు వాడుతున్నారు. క, కి, కులకు మనలా పోలిక ఉండదు, దేనికదే బట్టీ పట్టాలి. 1828లోనే అందులో పత్రిక అచ్చేశారు.

మొన్న మా వీధి పిల్లలను చిటికి నేర్చుకోవడానికి రమ్మంటే "అబాకస్ క్లాసుంది అక్కా" అన్నారు. ఆదివారం రమ్మన్నాను.