పాస్‌వర్డ్ మార్చేస్తే దొంగ బయటికి పోయినట్టేనా?

అకౌంట్ హ్యాక్ అయిందనగానే అందరూ ముందు చేసేది పాస్‌వర్డ్ మార్చడం. మార్చాల్సిందే. కానీ అంతటితో ఊరుకుంటే నాలుగు రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. వీధి తలుపుకు కొత్త తాళం వేసి పెరటి తలుపు బార్లా వదిలేసినట్టే. తెలివైన దొంగ లోపలికి రాగానే ముందు ఆ పెరటి తలుపే తీసి పెట్టుకుంటాడు.

ముందు చూసుకోవాల్సింది, ఏ పరికరం మీద కూర్చుని మారుస్తున్నామన్నది. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, గేమ్ చీట్‌ల వెంట వచ్చే ఒక రకం మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) బ్రౌజర్‌లో సేవ్ అయి ఉన్న పాస్‌వర్డ్‌లతో పాటు కుకీలనూ ఊడ్చుకుపోతుంది. అసలు దెబ్బ ఈ కుకీలతోనే. మీరు పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చి లాగిన్ అయ్యాక, ప్రతిసారీ అడగకుండా సైట్ మీ బ్రౌజర్‌కు ఒక గుర్తు ఇస్తుంది, అదే కుకీ. దాన్ని కాపీ చేసుకున్నవాడిని చాలా సైట్లు మీరనుకునే లోపలికి రానిస్తాయి. ఓటీపీ ఊసే ఉండదు. ‘ఓటీపీ ఎవరికీ చెప్పలేదే, ఎలా పోయింది?’ అనే ప్రశ్నకు చాలాసార్లు ఇదే జవాబు. అనుమానమున్న కంప్యూటర్‌లోనే కొత్త పాస్‌వర్డ్ కొడితే అదీ వాడి చేతికే పోతుంది. అందుకని వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మార్చండి. పాత కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ మొదటినుంచి ఇన్‌స్టాల్ చేసుకోవడమే మేలు. యాంటీవైరస్ ‘క్లీన్’ అన్నంత మాత్రాన నమ్మేయలేం.

పోయింది ఇన్‌స్టాగ్రామే అయినా పని మాత్రం మెయిల్ నుంచే మొదలుపెట్టాలి. దాదాపు ప్రతి సైట్‌లోనూ ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అంటే లింకు వచ్చి పడేది అక్కడికే కదా.

జీమెయిల్ అయితే ఫోన్ యాప్‌లో కాదు, కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరవండి. కావాల్సిన సెట్టింగ్‌లు యాప్‌లో కనిపించవు. సెట్టింగ్స్‌లో ఫిల్టర్ల ట్యాబ్, ఫార్వర్డింగ్ ట్యాబ్ రెండూ చూడాలి. దొంగ పెట్టే ఫిల్టర్ ఇలా ఉంటుంది: పంపినవారి దగ్గర బ్యాంకు అడ్రసో, సబ్జెక్ట్ దగ్గర ‘సెక్యూరిటీ అలర్ట్’ అనో ఉంటుంది. దాని కింద ‘ఇన్‌బాక్స్‌కు రానివ్వకు, చదివినట్టు గుర్తు పెట్టు, డిలీట్ చెయ్యి’ అని మూడు టిక్కులు. హెచ్చరిక మెయిళ్లు వస్తూనే ఉంటాయి, మీ కంట మాత్రం పడవు. మీరు పెట్టని ఫిల్టర్, మీది కాని ఫార్వర్డింగ్ అడ్రస్ ఏది కనిపించినా స్క్రీన్‌షాట్ తీసుకుని తీసేయండి. ఫిర్యాదు చేసేటప్పుడు పనికొస్తుంది. అవుట్‌లుక్‌లో ఫిల్టర్లనే రూల్స్ అంటారు.

తర్వాత రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్ మీవేనా చూసుకోండి. లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితాలో తెలియని ప్రతిదాన్నీ సైన్ అవుట్ చేయండి. గూగుల్‌లో పాస్‌వర్డ్ మారిస్తే చాలాచోట్ల లాగిన్లు పోతాయి గానీ, మీ గుర్తింపు నిర్ధారణకు వాడే పరికరాలు, మీరు అనుమతిచ్చిన కొన్ని బయటి యాప్‌లు ఉన్న పరికరాలు అలాగే ఉండిపోతాయి. ఆ అనుమతులు విడిగా రద్దు చేయాలి. ఎక్కువమంది వదిలేసేది ఇదే.

ఇక ఫోన్ నంబరు. *#21# డయల్ చేస్తే కాల్స్ ఎక్కడికైనా ఫార్వర్డ్ అవుతున్నాయేమో చాలా నెట్‌వర్క్‌లలో తెలుస్తుంది, ##002# కొడితే ఫార్వర్డింగ్ మొత్తం రద్దవుతుంది. వాట్సాప్ కోడ్ ఫోన్ కాల్‌లో కూడా వస్తుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. వాట్సాప్ పోతే మీ నంబరుతో మళ్లీ రిజిస్టర్ చేయండి, 6 అంకెల కోడ్ ఎక్కించగానే అవతలివాడు లాగౌట్ అవుతాడు. వాడు టూ స్టెప్ పిన్ (రిజిస్టర్ చేసేటప్పుడు కోడ్‌తో పాటు అడిగే రహస్య అంకెలు) పెట్టేసి ఉంటే మీరు లోపలికి వెళ్లడానికి 7 రోజులు ఆగాల్సి రావచ్చు. అందుకే ఆ పిన్ ఏదో ఇప్పుడే మీరే పెట్టేసుకోండి. చుట్టూ అందరికీ సిగ్నల్ ఉండి మీ ఫోన్‌కే పోయిందా? మీ నంబరుతో ఇంకెవరో డూప్లికేట్ సిమ్ తీసుకుని ఉండొచ్చు. వేరే ఫోన్ నుంచి వెంటనే ఆపరేటర్‌కు కాల్ చేయండి.

ఇవన్నీ అయ్యాకే మిగతా అకౌంట్ల పాస్‌వర్డ్‌లు, ఒక్కోదానికి ఒక్కోటి. 90 రోజులకోసారి మార్చమనే ఆఫీసు రూల్‌ను మాత్రం ఇంటికి తెచ్చుకోకండి. చివర 1 తీసి 2 పెట్టడం తప్ప దానితో ఒరిగేదేమీ లేదు, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లోనే ఆ సలహా మానేసింది. పాస్‌వర్డ్‌లన్నీ దాచిపెట్టి తనే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ వాడితే ఇంకో లాభముంది: నకిలీ సైట్ చూపుకు అచ్చం అసలుదానిలా ఉన్నా, అడ్రస్ వేరు కాబట్టి అది పాస్‌వర్డ్ నింపదు. నింపలేదంటే చేత్తో టైప్ చేయకుండా అడ్రస్ చూడండి. లాగిన్ కోడ్ ఫోన్‌లోనే చూపించే ఆథెంటికేటర్ యాప్‌లో కోడ్ 30 సెకన్లకే మారిపోయినా, నకిలీ పేజీ దాన్ని అందుకుని అసలు సైట్‌లో కొట్టడానికి ఆ టైం చాలు. పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనో వేలిముద్రతోనో లాగిన్ చేయించే పాస్‌కీకి ఈ బెడద లేదు, తన సైట్‌లో తప్ప ఇంకెక్కడా పనిచేయదు. ఫోన్ దగ్గర లేనప్పుడు లాగిన్‌కు పనికొచ్చేలా గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసుకోండి, అదే మెయిల్‌లో దాచుకోకండి.

‘పోయిన అకౌంట్ తెచ్చిస్తాం’ అని మెసేజ్ పెట్టేవాళ్లకు రూపాయి ఇవ్వొద్దు, కోడ్ చెప్పొద్దు. ఒకసారి మోసపోయినవాళ్లను వెతుక్కుంటూ వచ్చే రెండో ముఠా అది.