అడుగున అక్షరాలున్న బుట్టలు

వచ్చే నెల మేము ఈ ఇల్లు ఖాళీ చేస్తున్నాం. నాలుగు పడకగదుల ఇంటి నుంచి రెండు గదుల అపార్ట్‌మెంటుకు వెళ్తున్నాం. పుస్తకాల సంగతి మావారు చూసుకున్నారు. వంటపాత్రల లెక్క నేను ఒక్క మధ్యాహ్నంలో తేల్చేశాను. నాకు చెయ్యి ఆడనిది బుట్టల దగ్గరే. బేస్‌మెంటులోంచి, అల్మరాల పైనుంచి అన్నీ తెచ్చి భోజనాల గదిలో నేల మీద పరిస్తే 34 తేలాయి. అన్నీ లాంగబర్గర్ బుట్టలే.

తొంభైల్లో అమెరికాలోని ఈ ఒహాయో రాష్ట్రంలో ఉన్నవాళ్ళకు ఈ పేరు చెప్తే చాలు. తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. రాష్ట్ర రాజధాని కొలంబస్‌కు తూర్పున డ్రెస్డెన్ అని చిన్న ఊరు ఉంది. అక్కడ జె.డబ్ల్యు. లాంగబర్గర్ అనే ఆయన బుట్టలు అల్లేవారు. ఆయన కొడుకు డేవ్ 1973లో ఆ పనికి మళ్ళీ ప్రాణం పోశారు. మేపుల్ కలపను పలుచని బద్దలుగా తీసి, చేత్తో అల్లిన బుట్టలు. వాటిని ఎక్కువగా ఇళ్ళలోనే అమ్మేవారు. ఒకరి ఇంట్లో పదిమంది ఆడవాళ్ళం కూర్చునేవాళ్ళం, అమ్మే ఆవిడ ఒక్కో బుట్టనూ చేతిలోకి తీసుకుని దాని కథ చెప్పేది, మేము కాగితాల మీద ఆర్డర్లు రాసిచ్చేవాళ్ళం. 2000 నాటికి కంపెనీ అమ్మకాలు ఏడాదికి దాదాపు 100 కోట్ల డాలర్లు. ఒహాయోలోనే ఉన్న న్యూఆర్క్‌లో 1997లో కట్టిన వాళ్ళ ప్రధాన కార్యాలయం కూడా అచ్చంగా పిడులున్న బుట్టే, ఏడు అంతస్తుల బుట్ట. చలికాలంలో మంచు గడ్డకట్టి కింద పడకుండా ఆ పిడులను వేడి చేసే ఏర్పాటు కూడా ఉండేది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా మా అమ్మాయి కారు అద్దానికి ముఖం ఆనించి చూసేది. 2016లో ఉద్యోగులు అందులోంచి వెళ్ళిపోయారు. 2018లో కంపెనీయే మూతపడింది.

నేను ఈ వీధికి వచ్చింది 1996 చలికాలంలో. ఎవరూ తెలియదు. మావారు పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే వచ్చేవారు. ఒకరోజు పక్కింటావిడ తలుపు తట్టి, శనివారం మా ఇంట్లో బుట్టల పార్టీ ఉంది, తప్పకుండా రావాలి అంది. వెళ్ళాను. అందరిముందూ ఇంగ్లీషులో నోరు విప్పడానికే బెరుకు. కానీ చేతికి బుట్ట వచ్చాక బెరుకు తగ్గింది. అల్లిక గురించి నాకు తెలుసు కదా. మా ఊళ్ళో మేదరివాళ్ళు చెట్టుకింద కూర్చుని వెదురు చీల్చేటప్పుడు వచ్చే ఆ చిటపట శబ్దం చెవుల్లో పెట్టుకుని పెరిగినదాన్ని. ఆ సంగతి చెప్పాను, వాళ్ళు శ్రద్ధగా విన్నారు. ఆ రోజు కొన్న చిన్న బుట్టకు మా ఇంటి వారం పచారీ ఖర్చు అంత అయింది. ఆ గదిలో పరిచయమైన వాళ్ళలో ముగ్గురు ఈనాటికీ నా స్నేహితులు. అందుకే ఆ డబ్బు వృథా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అయితే కొన్ని మాత్రం ఇంకో కారణంతో కొన్నాను. వీటి విలువ పెరుగుతుందని అప్పట్లో అందరూ నమ్మేవారు. నేనూ నమ్మాను. ధరల పుస్తకాలు కూడా ఉండేవి. క్రిస్మస్‌కు ఒకటి, మాతృదినోత్సవానికి ఒకటి, ప్రతి ఏడూ కొత్తది వచ్చేది. ఆ ఏడాదికే పరిమితం అనడంతో వదులుకోబుద్ధయ్యేది కాదు. అలాంటివాటికి లోపల గుడ్డ లైనర్, దానిమీద ప్లాస్టిక్ తొడుగు వేసి ఎత్తుగా పెట్టేదాన్ని. పిల్లల్ని ముట్టుకోనిచ్చేదాన్ని కాదు.

మొన్న ఇంటర్నెట్‌లో పాత వస్తువులు కూడా అమ్మే ఈబేలో చూశాను. ఇక్కడ ఒక మాట చెప్పాలి: అమ్మేవాళ్ళు అడుగుతున్న ధరలు చూడకండి, అమ్ముడుపోయిన ధరలు చూడండి. రెండింటికీ పొంతన ఉండదు. నేను 70 డాలర్లు పెట్టిన బుట్ట 15కు పోయింది. బుట్ట బరువు లేకపోయినా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పెద్ద పెట్టెలో పంపాలి, ఆ ఖర్చే బుట్ట ధరను మించుతుంది. ఎందుకిలా అయిందో ఆలోచిస్తే కష్టమైన లెక్కేమీ కాదు. అందరం దాచడానికే కొన్నాం. గట్టి అల్లిక, ఏదీ విరగలేదు, ఏదీ పారేయలేదు. కొన్నవాళ్ళందరం ఇంచుమించు ఒకే ఈడువాళ్ళం, ఇప్పుడు అందరి ఇళ్ళూ ఒకేసారి ఖాళీ అవుతున్నాయి.

ధరలు తెలిశాక పని తేలికవుతుందనుకున్నాను. కాలేదు. ఏవి ఉంచుకోవాలో తోచక ఒక్కొక్కటే తిరగేసి అడుగు చూడటం మొదలుపెట్టాను. ప్రతి బుట్ట అడుగునా కంపెనీ ముద్రతోపాటు అల్లినవాళ్ళ పేరు తాలూకు పొడి అక్షరాలు, అల్లిన ఏడాది చేత్తో రాసి ఉంటాయి. ఇన్నేళ్ళూ సంవత్సరం మాత్రమే చూశాను, దాన్నిబట్టే విలువ కట్టేవారు కాబట్టి. ఈసారి అక్షరాలు చూశాను. 1997 నాటి బుట్ట మీద, 1999 నాటి దాని మీద, 2003 నాటి దాని మీద అవే రెండు అక్షరాలు. పొడుగ్గా సాగే అదే 'ఆర్' తోక. మూడు వేర్వేరు పార్టీల్లో, వేర్వేరు ఇళ్ళలో కొన్న మూడు బుట్టలు ఒకే మనిషి చేతిలోంచి వచ్చి నా ఇల్లు చేరాయి. వాటిని పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. 2003 నాటిదానిలో అంచు చుట్టు మరింత బిగువుగా ఉంది. ఆరేళ్ళలో ఆ చెయ్యి తిరిగిందో, లేక నాకలా అనిపించిందో. మేదరి అవ్వ దగ్గర అన్ని చాటలు, తట్టలు కొన్నాం, మా ఇంట్లో ఎవరమూ ఆమె పేరు అడగలేదు. ఆ మూడు బుట్టలు నాతోనే వస్తాయి.

ఉండిపోయే నాలుగోది నా పూలసజ్జ. అదే మొదటి పార్టీలో కొన్న చిన్న బుట్ట. ఏ తొడుగూ వేయకుండా ఇరవైయేళ్ళకు పైగా వేసవి పొద్దుల్లో దానిలోనే పూలు కోశాను. తడికి అడుగు నల్లబడింది, పిడి నునుపెక్కింది. అయిదోది మా అమ్మాయి అల్లినది. ఫ్రేజీస్‌బర్గ్‌లో కంపెనీవాళ్ళ దగ్గరే సందర్శకులు స్వయంగా బుట్ట అల్లుకునే చోటు ఉండేది. తొమ్మిదేళ్ళప్పుడు నాలుక బయటపెట్టి గంటసేపు కష్టపడింది. ఒక పక్కకు ఒరిగి ఉంటుంది.

బేస్‌మెంటులో ప్లాస్టిక్ సంచుల్లో బిగించి పెట్టినవాటిలో రెండింటికి బూజు లోతుగా పట్టింది, అవి పోయాయి. కలపకు గాలి కావాలి. దయచేసి ఎవరూ అలా కట్టిపెట్టకండి. ఎనిమిదింటిని స్నేహితులు ఎంచుకుని పట్టుకెళ్ళారు. పద్దెనిమిది మా గ్రంథాలయానికి ఇచ్చాను. విరాళాల కోసం బుట్టల నిండా పుస్తకాలూ టీ పొట్లాలూ సర్ది లాటరీ తీస్తారట. ఒకప్పుడు ఇక్కడి అగ్నిమాపక కేంద్రాల్లో ఈ బుట్టలే బహుమతులుగా బింగో ఆడించి డబ్బు పోగుచేసేవారు, ఆ సందడి నాకింకా గుర్తుంది.

మిగిలింది ఒక్కటి, మూత ఉన్న పెద్ద పిక్నిక్ బుట్ట. అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోసినది. అమ్మాయికి ఫోను చేసి, నువ్వు అల్లినది నీకు పంపనా అని అడిగాను.

"అది నీ దగ్గరే ఉంచుకో అమ్మా. నాకు ఆ పిక్నిక్ బుట్ట ఇస్తావా? నువ్వు మమ్మల్ని ముట్టుకోనిచ్చేదానివి కాదు, అది."

వెంటనే ఏమీ అనలేకపోయాను. తర్వాత దాన్ని దించి, ప్లాస్టిక్ తొడుగు తీసేశాను. గుడ్డ ఇంకా కొత్త మడతల్లోనే ఉంది. దాన్ని ఉతికి ఆరేశాను. బుట్టను తడిగుడ్డతో తుడిచి నీడలో పెట్టాను. ఆదివారం తను వస్తోంది. ఖాళీగా ఇవ్వను, పులిహోర చేసి అందులో పెడతాను.