పసిరిక పిట్ట ముక్కున తూనీగ

మే నెల ఆఖరి ఆదివారం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఎండ ముదిరేలోగా దొరికే మూడు నాలుగు గంటలే ఫొటోలకు పనికొస్తాయని అయిదింటికే అమ్మాయిని లేపి, హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువుకు బయలుదేరాను. 2016లో ఈ చెరువును జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తుంటే చూసి బెంగపడినప్పుడల్లా ఆ మాట గుర్తుచేసుకుంటాను.

నీరు బాగా తగ్గింది. ఒడ్డంతా నెర్రెలిచ్చిన బురద, అక్కడక్కడ జిల్లేడు పొదలు. ఒక ఆకు కింద నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగును అమ్మాయే ముందు చూసింది.

"నాన్నా, ఇంత కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది కదా, పిట్టలు తినేయవా?"

జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లోకీ చేరుతుందని, ఆ చారలు పిట్టలకు హెచ్చరికేనని చెప్పాను. నాలుగు ఫొటోలు తీసుకుంది.

తొమ్మిది కావస్తుండగా ఎండిన తుంగ పుల్ల మీద ఎర్ర తూనీగ ఒకటి వాలింది. వేడెక్కే కొద్దీ తోకను పైకెత్తుతూ, చివరికి దాని కొసను సూర్యుడికి గురిపెట్టి నిలిచింది. అలా నిలిస్తే ఒంటి మీద పడే ఎండ తగ్గుతుంది. మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి తీశాను. రెక్కల ఈనెలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేంత దగ్గరగా వచ్చింది బొమ్మ.

కెమెరా దించానో లేదో, పచ్చగా ఏదో దూసుకొచ్చింది. పుల్ల ఖాళీ. ఎదురుగా తీగ మీద పసిరిక పిట్ట, దాని ముక్కున అడ్డంగా తూనీగ. రెండు దెబ్బలు తీగకేసి కొట్టింది. ఒక రెక్క ఊడి, కాకిబంగారంలా మెరుస్తూ నేల మీదికి జారింది. మనసు చివుక్కుమంది. అయినా కెమెరా ఎత్తాను.

తింటుందనుకున్నాను. తినలేదు. తూనీగను పట్టుకునే తీగ మీద అటూ ఇటూ జరుగుతూ మావైపే చూస్తోంది. అప్పుడు వెనక్కి తిరిగాను. మేము ఆనుకుని కూర్చున్న మట్టిగట్టులోనే నిమ్మకాయ పట్టేంత కన్నం, దాని కింద కొత్తగా తవ్విన మట్టి. పసిరిక పిట్ట గూడు ఇలాంటి కన్నంలోనే ఉంటుంది. లోపల పిల్లలున్నాయన్నమాట.

పసిరిక పిట్టల మీద మన దేశంలోనే జరిగిన ఒక పరిశోధన 2002లో అచ్చయింది. మనిషి ఎంత దూరంలో ఉన్నాడన్నదే కాదు, అతడు నిలబడ్డ చోటునుంచి గూడు కనిపిస్తుందా లేదా అన్నది కూడా ఈ పిట్ట గమనిస్తుందట. కనిపిస్తుందనుకుంటే గూటిలోకి వెళ్లడానికి వెనకాడుతుంది. అంటే కన్నంలోకి దూరే క్షణాన్ని ఫొటో తీయాలని నేను పట్టుబట్టినంతసేపూ లోపల పిల్లలు ఆకలితో ఉండాల్సిందే. ఆ ఫొటో కోసం మూడు వేసవుల నుంచి తిరుగుతున్నాను. కెమెరా సంచిలో పెట్టేశాను.

కన్నం కనబడకుండా తుమ్మచెట్టు చాటుకు వెళ్లి, తీగ ఒక్కటే చూస్తూ నిలబడ్డాం. నిమిషం కూడా కాలేదు, పిట్ట తీగ వదిలి గట్టు వైపు దిగింది. కాసేపటికి తిరిగొచ్చి అక్కడే వాలింది. ముక్కు ఖాళీగా ఉంది. అమ్మాయి నా చెయ్యి గట్టిగా నొక్కింది.

సాయంత్రం తన నోటుపుస్తకంలో చెరువు గట్టు బొమ్మ వేసింది. కన్నం దగ్గర చిన్న సున్నా, తుమ్మచెట్టు దగ్గర రెండు చుక్కలు. వచ్చే ఆదివారం మేము నిలబడాల్సింది అక్కడేనట.