డెంగ్యూ దొరికిందని మలేరియాను వదిలేశారు

మా తమ్ముడు పాడేరు అవతల ఏజెన్సీ బడిలో మాస్టారు. ఈ వానల్లో జ్వరంతో విశాఖలో మా ఇంటికి దిగాడు. ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. డెంగ్యూకి చేసే ఎన్‌ఎస్‌1 రక్తపరీక్ష పాజిటివ్, డెంగ్యూ అన్నారు. అంతవరకు ఇబ్బందేమీ లేదు.

ఇక పొద్దునా సాయంత్రం ప్లేట్‌లెట్లు లెక్కపెట్టడమే వైద్యం. చుట్టాలు కివీ పళ్లు, బొప్పాయి ఆకు రసం మోసుకొచ్చారు. జ్వరం తగ్గినట్టే తగ్గి, మంచం ఊగేంత వణుకుతో మళ్లీ వచ్చేది. దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడేవి. కాసేపటికి బనీను పిండితే చెమట కారేది.

"ఏజెన్సీ నుంచి వచ్చాడు సార్, మలేరియా కూడా చూడండి" అన్నాను. డాక్టరు ఫైల్లోంచి తలెత్తకుండా, "ఒక జ్వరానికి ఎన్ని పేర్లు పెడతారమ్మా? గూగుల్ చూసి వచ్చారా?" అన్నాడు. నర్సులు కిసుక్కున నవ్వారు. పక్క మంచం వాళ్ల ముందు తల కొట్టేసినట్టయింది. నేనూ బైపీసీ చదివినదాన్నే, మలేరియా క్రిమి ప్లాస్మోడియం జీవితచక్రం బొమ్మ ఇప్పటికీ చూడకుండా వేస్తాను. డెంగ్యూ మోసేది పగలు కుట్టే ఏడిస్, మలేరియా మోసేది రాత్రి కుట్టే అనాఫిలిస్. ఒకటి కుట్టినవాణ్ణి రెండోది వదిలేస్తుందా? ప్లేట్‌లెట్లు మలేరియాలోనూ పడతాయి. రోనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నది మన సికింద్రాబాద్‌లోనే. ఇన్నేళ్లకు మనవాళ్లకు ఒక స్లైడు తీయడానికి బద్ధకం.

సంతకం పెట్టి ప్రభుత్వాసుపత్రికి మార్చాం. ల్యాబ్ టెక్నీషియన్ వేలు గుచ్చి, గాజు పలక మీద ఒక చుక్కను మందంగా గుండ్రంగా పులిమి, ఇంకోదాన్ని పల్చగా లాగాడు. మలేరియా కిట్‌లో గీత వచ్చినా ఆగకుండా మైక్రోస్కోపులో చూసి, "ఫాల్సిపారం. రామ్మా, నువ్వూ చూడు" అన్నాడు. మలేరియాలో ప్రమాదకరమైన రకం అది. ఎర్ర కణాల్లో సన్నటి ఉంగరాలు! మూడు రోజులు ఏసీటీ అనే మలేరియా మాత్రలు, రెండో రోజు ప్రైమాక్విన్ అనే ఇంకో మలేరియా మాత్ర. పైసా తీసుకోలేదు. డెంగ్యూకి సెలైన్, పారాసిటమాల్ ఎలాగూ నడిచాయి. వణుకు ఆగింది.

డెంగ్యూ పాజిటివ్ వచ్చినా మలేరియా స్మియర్, అంటే గాజు పలక మీద రక్తం చుక్క పరీక్ష, అడగండి. నెగెటివ్ వచ్చి జ్వరం ఆగకపోతే మర్నాడు మళ్లీ తీయించండి. వద్దన్న డాక్టరుని ఆ మాటే కాగితం మీద రాసిమ్మనండి, వెంటనే పరీక్ష రాస్తారు. ఒళ్లునొప్పులని డైక్లోఫెనాక్ అనే నొప్పి సూది మాత్రం వేయనివ్వకండి, డెంగ్యూలో అది రక్తస్రావం ముప్పు పెంచుతుంది.

తమ్ముడి సెలవు కాగితాలకు ఆ ప్రైవేటు ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీలో ఉన్నది డెంగ్యూ ఒక్కటే. మలేరియా చేర్చమంటే, "మేం చేయని పరీక్ష మేమెలా రాస్తాం?" అంటున్నారు. స్లైడు రిపోర్టు పట్టుకుని రేపు మళ్లీ వెళ్తున్నాను.