పెట్రోలు ఖర్చుతో కళసూబాయి

కళసూబాయి శిఖరం ఎక్కించడానికి ట్రెక్కింగ్ ప్యాకేజీలు బోలెడు ఉన్నాయి. కాకపోతే అవి ఎక్కువగా ముంబయి, పుణె నుంచే బయల్దేరతాయి. హైదరాబాద్ నుంచి అక్కడిదాకా వెళ్లి మళ్లీ ప్యాకేజీకి కట్టడం మాకు నచ్చలేదు. నలుగురం కలిసి మావాడి పాత కారు తీశాం. పెట్రోలు, టోలు నాలుగు వాటాలు. లాడ్జీలకు రూపాయి పెట్టకూడదని ముందే ఒట్టేసుకున్నాం.

మహారాష్ట్రలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం ఇది, 1646 మీటర్లు. తెలంగాణలో అతి ఎత్తయిన డోలి గుట్టే 965 మీటర్లు కాబట్టి, ఊళ్లో ప్రాక్టీసు చేసి వెళ్దామన్నా కుదరదు. అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగడమే మా ట్రైనింగ్.

జహీరాబాద్, హుమ్నాబాద్ దాటి సోలాపూర్ చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఇంటి పులిహోర అక్కడే లాగించాం. చద్దర్ల దుకాణంలో మాలో మేం ధర గురించి గుసగుసలాడుతుంటే, "యాడికెల్లి వచ్చిన్రు బిడ్డా?" అన్నాడు షాపాయన. నేత పని కోసం తెలంగాణ నుంచి తరాల కిందటే వెళ్లి స్థిరపడ్డ పద్మశాలీలు ఆ ఊళ్లో చాలామంది. మా గుసగుసలన్నీ ఆయనకు అర్థమయ్యాయన్నమాట! అడక్కుండానే కొంత తగ్గించాడు. టెంటు అద్దెకు తీసుకునే బదులు రెండు చద్దర్లు కొనేశాం. సోలాపూర్ చద్దర్ బరువే వేరు, నవంబరు చలికి అదే సరిపోయింది.

అక్కణ్నుంచి కర్మాళా, అహిల్యానగర్ (పాత అహ్మద్‌నగర్), సంగమ్‌నేర్, అకోలే. మొత్తం 600 కిలోమీటర్లకు పైనే. కొండ కింద ఉన్న బారి ఊరికి రాత్రికి గానీ చేరలేదు. ఒక ఇంటి వరండాలో పడుకోనిచ్చారు. ఇంటావిడను అక్కడివాళ్లలాగే మావషీ (పిన్ని) అని పిలిచాం. పొద్దున దిగి వచ్చేసరికి ఏం వండాలో రాత్రే చెప్పేయాలి, ఎంతమందో చూసుకుని పిండి కలుపుతారు. మావాడు ఆ భోజనం ధర దగ్గర కూడా బేరం మొదలెట్టబోతే నేనే ఆపాను. టోలు గేటు దగ్గర నోరెత్తనివాడు ఇక్కడ మాత్రం ఎందుకు?

తెల్లవారుజామున మూడింటికి టార్చిలైట్లతో బయల్దేరాం. ఊరి నుంచి శిఖరానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు ఎక్కాలి. వీడియోల్లో ఇనుప నిచ్చెనలు చూసి అందరికీ టెన్షనే. తీరా అవి తేలిక. రెండు పక్కలా పట్టుకోవడానికి కడ్డీలుంటాయి, చీకట్లో కింద ఏముందో కనిపించదు కూడా. ప్రాణం తీసింది మధ్యలో వచ్చే రాతి మెట్లు. ఒకటి జానెడు, ఇంకొకటి మోకాలెత్తు, ఊపిరికి ఒక లయ కుదరనివ్వవు. వానాకాలం శని, ఆదివారాల్లో ఈ నిచ్చెనల దగ్గర క్యూ కడతారు. అందుకే మేం వానలు తగ్గాక, పనిరోజు చూసుకుని వెళ్లాం. సెలవు పెట్టాల్సి వచ్చినా ఆ లెక్క మాకే లాభం.

పైన గాలికి టోపీలు నిలవలేదు. శిఖరం మీద ఉన్నది కళసూబాయి చిన్న గుడి, నలుగురైదుగురు నిలబడితే నిండిపోతుంది. కళసూ అనే అమ్మాయి కోలీ తెగవాళ్ల ఇంట్లో పనికి చేరిందట, ఊడవను, అంట్లు తోమను అని ముందే షరతు పెట్టి. ఒకరోజు వాళ్లు ఆ పనే చేయమంటే, అన్నీ వదిలేసి ఈ కొండెక్కి ఇక్కడే ఉండిపోయిందట. ఆ కథ నాకు బాగా నచ్చింది. వరాలివ్వలేదు, శపించలేదు, మాట తప్పారని పని మానేసింది, అంతే.

తెల్లారాక ఒకవైపు భండార్‌దరా జలాశయం, ఇంకోవైపు అలంగ్, మదన్, కులంగ్ కోటల వరస కనిపించాయి. ప్రవర నది మీద బ్రిటిష్ వాళ్లు కట్టి 1926లో పూర్తిచేసిన విల్సన్ డ్యామ్ వల్లే ఆ జలాశయం. దిగేటప్పుడు మోకాళ్లు వణికాయి. వెలుతురొచ్చాక నిచ్చెనల మీంచి కిందికి చూస్తే భయం కూడా వేసింది, రాత్రి ఆ లోయ కనిపించకపోవడమే మంచిదైంది.

మావషీ వేడివేడి పిఠ్లా, భాకరీ రొట్టె, ఉల్లిపాయ, పచ్చిమిర్చి దంచిన ఠేచా పెట్టింది. శనగపిండి పిఠ్లా ఇంత బాగుంటుందని అనుకోలేదు. బేరమాడబోయినవాడే మూడుసార్లు అడిగి వేయించుకుని, చెప్పిన డబ్బుకు ఇంకో వంద కలిపి ఇచ్చాడు.

తిరుగు దారిలో షిర్డీలో ఆగాం. ప్రసాదాలయంలో భోజనం ఉచితం కాబట్టి ఆ పూట లెక్కలో ఏమీ పడలేదు. హైదరాబాద్ వచ్చాక లెక్కల పుస్తకం తీస్తే ఖర్చులో ఎక్కువ భాగం పెట్రోలు, టోలే. తగువు మాత్రం చద్దర్ల దగ్గర వచ్చింది. నలుగురి డబ్బుతో కొన్నవి రెండే, ఎవరింటికి వెళ్లాలో ఇంకా తేలలేదు.