మట్టికోట నుంచి ఏకశిల దాకా

కార్తీకమాసంలో ఒక ఆదివారం, మా చిన్నమ్మతో కలిసి ఖిలా వరంగల్ చూడటానికి బయలుదేరాను. స్టేషన్ నుంచి శివనగర్ మీదుగా వెళ్ళే ఆటో ఎక్కినప్పుడు తోరణాల దగ్గరే దింపుతానన్న డ్రైవర్, తీరా మట్టికోట దర్వాజా దగ్గర బండి ఆపి, లోపలికి రావాలంటే ఇంకో ఇరవై రూపాయలు అవుతుందన్నాడు. చిన్నమ్మకు డబ్బు కంటే మాట పట్టింపు ఎక్కువ. "నడుద్దాం పా నాయినా, కాళ్ళు లేవా మనకు?" అని టిఫిన్ క్యారియర్ నా చేతికిచ్చి ముందుకు సాగింది. ఆమె కోపం నాకు మేలే చేసింది. నేరుగా తోరణాల ముందు దిగి, నాలుగు ఫొటోలు తీసుకుని వెనుదిరిగేవారికి ఇది ఎంత పెద్ద కోటో తెలిసే అవకాశం లేదు.

మట్టికోట చూడటానికి కోటలా ఉండదు. తుమ్మచెట్లు, సీతాఫలం చెట్లు మొలిచిన పెద్ద చెరువుకట్టలా ఉంటుంది. ఇంచుమించు 2.4 కిలోమీటర్ల అడ్డకొలతతో గుండ్రంగా సాగే ఆ కట్టకు లోపల పత్తిచేలు, కూరగాయల మడులు, వాటి మధ్య ఇళ్ళు ఉన్నాయి. పడమరకోట, మధ్యకోట, తూర్పుకోట అని ఇక్కడివారు చెప్పుకునేవి చరిత్ర పుస్తకంలోని పేర్లు కావు, ఉత్తరాలు వచ్చే చిరునామాలు. జనం కాపురం మానని కోట కాబట్టే ఇక్కడ పచ్చదనానికి కొరత లేదని నాకనిపించింది.

అడ్డకొలతలో దీనికి సగముండే రాతికోట దగ్గరికి వచ్చాక మొదట కందకం కనిపిస్తుంది. వానలు బాగా పడిన ఏడాది కావడం వల్ల అందులో నీళ్ళున్నాయి, అయితే సగభాగాన్ని గుర్రపుడెక్క కమ్మేసింది. కాకతీయ రాజు గణపతిదేవుడు కట్టించిన ఈ గోడను ఆయన కూతురు రుద్రమదేవి మరింత ఎత్తు చేయించింది. దర్వాజాలో దారి సూటిగా సాగక అడ్డంగా మలుపు తిరుగుతుంది. ఏనుగు పరుగున వచ్చి తలుపును ఢీకొనకుండా చేసిన ఏర్పాటది. లోపలివైపు గోడ పొడవునా మెట్లే కాబట్టి, శత్రువు ఎటునుంచి వచ్చినా సైనికులు ఉన్నచోటునుంచే పైకి ఎక్కగలిగేవారు. రాళ్ళ మధ్య సున్నం లేదని చిన్నప్పుడు చదువుకున్నాను. ఆ మాట తేల్చుకుందామని రెండు రాళ్ళు కలిసినచోట బొటనవేలి గోరు దూర్చబోతే అది లోపలికి వెళ్ళలేదు సరికదా, కొన విరిగింది.

మధ్యకోటలో పచ్చికబయలు మీద నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలబడి ఉన్నాయి. 2014 నుంచి తెలంగాణ రాజముద్రలో రోజూ చూస్తున్న తోరణమే ఇది. అయినా దాని కింద నిలబడి తలెత్తితేనే అడ్డదూలాల చివర కూర్చున్న హంసలు, వేలాడే తామరమొగ్గలు కనిపిస్తాయి. ఈ నాలుగింటి నడుమ ఉండిన స్వయంభూదేవుని ఆలయం ఇప్పుడు లేదు. ఢిల్లీ సేనలు 1323లో ఓరుగల్లును పట్టుకుని సుల్తాన్‌పూర్ అని పేరు మార్చిన తరువాత ఆ గుడి కూలింది. దాని స్తంభాలు, కప్పురాళ్ళు, తలలేని నందులు పచ్చికలో వరుసలుగా పేర్చి ఉన్నాయి. వెల్లకిలా పడి ఉన్న ఒక కప్పురాతిలో చెక్కిన పద్మం గుంటలో రాత్రి కురిసిన వాననీరు నిలిచి ఉంది. ఒక గోరింక దాని అంచున వాలి, రేకు రేకుకూ ముక్కు ముంచి తాగుతోంది. నేను అక్కడ చాలాసేపు కూర్చున్నాను.

దగ్గరలోని ఖుష్‌మహల్‌ను త్వరగానే చూసి వచ్చేశాము. ఏటవాలు గోడలు, కొసదేరిన కమానులు గల ఆ పొడవాటి హాలు తరువాతి కాలపు పాలకుడు షితాబ్‌ఖాన్ కట్టించినదని చెబుతారు గాని, పోకడ అంతకు ముందరి ఢిల్లీ తుగ్లక్‌ల నాటిది. లోపల చల్లగా ఉంది. గబ్బిలాల వాసన మాత్రం భరించలేము.

ఏకశిల గుట్ట దగ్గరి పార్కుకు చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఒంటిరాయి గనుక ఓరుగల్లు. అదే సంస్కృతంలో ఏకశిలానగరం. ఊరికి పేరిచ్చిన ఆ బండ కిందే చెరువు ఉంది. రామప్ప, లక్నవరం, పాకాల వంటి చెరువులు తవ్వించిన వంశం రాజధానిలోనూ గోడ పక్కన నీటిని మరువలేదు. చెట్ల కింద వనభోజనాల జనం నిండుగా ఉన్నారు. ఉసిరిచెట్టు నీడ దొరకక వేపచెట్టు కిందే పులిహోర, గారెలు విప్పుకున్నాము. తిన్న విస్తళ్ళను, ప్లాస్టిక్ గ్లాసులను నీటి ఒడ్డునే వదిలేసి దీపాలు వెలిగించడానికి వెళ్ళేవారిని చూస్తే, ఆ పుణ్యం ఎవరి ఖాతాలో పడుతుందో నాకు బోధపడలేదు.

గంపలో సీతాఫలాలు అమ్ముతున్న ఒక ముసలమ్మను, "ఎక్కడివి అవ్వా ఇవి?" అని అడిగాను. "ఏడియో ఏంది బిడ్డా, గీ మట్టికోట మీదియే. పొద్దుగాల తెంపుకొచ్చిన" అన్నది. చిన్నమ్మ బేరమాడకుండా అరడజను కొన్నది. ఆటో అతనితో అంత పట్టుబట్టిన మనిషి ఈమేనా అనిపించింది.

మోకాళ్ళ నొప్పివల్ల ఆమె కిందే ఉండిపోగా, సాయంత్రం నేనొక్కడినే బండ మీది మెట్లెక్కి పైనున్న చిన్న గుడి దాకా వెళ్ళాను. కింద చెరువు, దానికవతల తోరణాల కొసలు, చేలు, డాబాల మీద ఆరేసిన బట్టలు, వీటన్నిటినీ చుట్టి ముదురు ఆకుపచ్చగా ఒక వలయం కనిపించాయి. దిగి వచ్చాక చిన్నమ్మ సీతాఫలం గింజలు దోసిట్లో పోగు చేస్తూ, "ఏం కనబడ్డది పైకెళ్ళి?" అని అడిగింది.

"చెరువు, పొలాలు, చుట్టూ గుండ్రంగా చెట్లు."

"మరి కోట?"

"ఆ చెట్లే చిన్నమ్మా" అని ఒక పండు అందుకున్నాను.