రాట్స్‌కెవెలో ఒక పూట

టికెట్ కిటికీ దగ్గరే తప్పులో కాలేశాను. కాగితం మీద రాసుకున్న పేరును ఇంగ్లిషు చదివినట్టు ‘రాక్‌కీవ్’ అన్నాను. లోపలి ఆవిడ కాగితం అందుకుని చూసి, ‘రాట్స్‌కెవె!’ అని దిద్ది మరీ టికెట్టు ఇచ్చింది. బుడాపెస్ట్‌కు దక్షిణాన, డాన్యూబ్ పాయల నడుమ చెపెల్ లంకలో ఉందా ఊరు. చిన్న రైలులో గంటకు పైగా పట్టింది.

ఊరికన్నా దాని పేరులోని మొదటి సగమే నన్ను రప్పించింది. పాత హంగేరియన్‌లో ‘రాట్స్’ అంటే సెర్బు. సెర్బియాలో నోవి పజార్ దగ్గర ‘రాస్’ అనే కోట ఉంది, మధ్యయుగపు సెర్బు రాజ్యానికి అది కేంద్రం. ఆ ఒక్క కోట పేరు లాటిన్ రాతల్లో దేశమంతటికీ అంటుకుని ‘రాషియా’ అయింది, హంగేరియన్ల నోట జనం రాట్స్ అయ్యారు. బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యపు పండితులైతే ఎప్పటిదో ప్రాచీన తెగ పేరు తవ్వి తీసి ‘త్రిబల్లులు’ అన్నారు. అక్కడి పదో శతాబ్దపు చక్రవర్తి ఏడవ కాన్‌స్టంటైన్ ఇంకో అడుగు వేసి, రోమన్ల భాషలో ‘సెర్బు’ అంటే బానిస అని రాసిపెట్టాడు. పొరుగువాడు చెప్పే వ్యుత్పత్తి ఇలాగే ఉంటుంది మరి! కోరంగి రేవులో ఓడెక్కిన పాపానికి బర్మాలో మనవాళ్ళంతా ‘కొరంగీ’లైపోలేదా?

‘కెవె’ సంగతి వేరు. పదిహేనో శతాబ్దంలో టర్కీ సేనలకు జడిసి, దిగువనున్న కోవిన్ పట్టణపు సెర్బులు ఇక్కడికి వచ్చి, పేరునూ వెంట తెచ్చుకున్నారు. కోవిన్‌నే హంగేరియన్లు అప్పట్లో కెవె అనేవారు.

వాళ్ళు 1487లో కట్టుకున్న చర్చి తాళం తీయడానికి ఒక పెద్దావిడ వచ్చింది. బయట బోసి రాతిగోడలు. లోపల నేల నుంచి కప్పు దాకా జానెడు ఖాళీ లేకుండా పద్దెనిమిదో శతాబ్దపు బొమ్మలు, కమాను వంపుల్లోకి కూడా ఒదిగిపోయిన సాధువులు. ‘మీరు రాట్స్ వాళ్ళా?’ అని అడిగాను. ఆవిడ నవ్వింది. ‘అది వాళ్ళు పెట్టిన పేరు. మాకు ఈ ఊరు స్ర్ప్‌స్కి కోవిన్, సెర్బుల కోవిన్.’

రెండు పేర్లకూ అర్థం ఒకటే!

మధ్యాహ్నం భోజనశాలలో ‘రాట్స్‌పొంతి’ కనిపిస్తే వెంటనే తెప్పించుకున్నాను. బంగాళాదుంప చక్రాల మీద మిరపకాయలు, టమాటాలు, పైన పుల్లటి మీగడ, మధ్యలో కార్ప్ చేప. వడ్డించిన కుర్రాణ్ణి రాట్స్ అంటే ఏమిటని అడిగాను.

‘చేపను ఇలా వండడం,’ అన్నాడు.